ఇంటికి రెండో చిన్న కారు: ఎంచుకోవడం నుంచి అప్పు తీరేదాకా

"రెండో కారు తీసుకుందామనుకుంటున్నాం, ఏ మోడల్ మంచిది?" ఈ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో, చుట్టాల ఇళ్లలో నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది. మేము తీసుకుని నాలుగేళ్లయింది. మా ఆయన కారు పొద్దున్నే పరవాడ వెళ్లిపోతుంది. మాది విశాఖపట్నం. నాకు ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురంలోని ఆఫీసుకు, సాయంత్రం పిల్లాడి ట్యూషన్‌కు, వారానికి రెండుసార్లు అత్తయ్యగారి ఫిజియోథెరపీకి బండి కావాలి.

మోడల్ ప్రశ్న అయిదో మెట్టు మీద వస్తుంది. దానికి ముందు నాలుగు పనులున్నాయి. ఆ నాలుగూ దాటేసి నేరుగా షోరూముకు వెళ్లినవాళ్లే తర్వాత బాధపడటం చూశాను. అందుకే అన్నీ వరసగా రాస్తున్నాను. ఈ వరస మార్చకండి.

## 1. రెండు వారాల డైరీ రాయండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. పద్నాలుగు రోజులపాటు, ఇంట్లో రెండో కారు ఉంటే బాగుండేదనిపించిన ప్రతిసారీ ఒక లైను రాయండి. ఎవరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది, ఆ రోజు ఎలా వెళ్లారు, ఎంత ఖర్చయింది.

రెండు వారాల తర్వాత ఆ పేజీ చూస్తే మీకే తెలుస్తుంది. చాలా ఇళ్లలో రెండో కారు రోజుకు 15 నుంచి 30 కిలోమీటర్లు మించి తిరగదు. ఎక్కేది ఇద్దరే. అరకు, లంబసింగి ప్రయాణాలకు మొదటి కారు ఎలాగూ ఉంది. కాబట్టి డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయన్న చర్చను ఇక్కడే ఆపేయొచ్చు.

డైరీలో తేలాల్సినవి:

- ఎక్కువగా నడిపేది ఎవరు? (వాళ్ల ఎత్తు, వాళ్లకు నడపడం ఎంత అలవాటు అన్నవి ముఖ్యం)
- రోజుకు సగటున ఎన్ని కిలోమీటర్లు?
- దారిలో ట్రాఫిక్ ఎక్కువా, హైవే ఎక్కువా, ఎత్తు రోడ్లు ఎక్కువా?
- పెద్దవాళ్లు ఎక్కుతారా? మోకాళ్ల నొప్పులున్నాయా?
- ఇప్పుడు ఆటోలకు, క్యాబులకు నెలకు ఎంత అవుతోంది?

ఆఖరి ప్రశ్నకు జవాబు నెలకు నాలుగైదు వేల లోపు వస్తే, నా మాట వినండి, ఇప్పుడే కారు కొనకండి. అంత తక్కువ ఖర్చుతో ఏ కారూ నడవదు.

## 2. నెల ఖర్చు లెక్క వేయండి, ఈఎంఐ ఒక్కటే కాదు

జరిగే తప్పుల్లో పెద్దది ఇదే. "ఈఎంఐ పదకొండు వేలేగా, కట్టేస్తాం" అనుకుంటారు. ఈఎంఐ నెల ఖర్చులో ఒక భాగమే.

ఒక నమూనా లెక్క చూడండి. ఆన్‌రోడ్ ధర 6,50,000 అనుకుందాం. చేతి నుంచి 2,00,000 పెట్టి, 4,50,000 అప్పు తీసుకున్నారు. వడ్డీ 9 శాతం, నాలుగేళ్లు.

- ఈఎంఐ: సుమారు 11,200
- పెట్రోలు: నెలకు 600 కి.మీ., ఊళ్లో లీటరుకు 15 కి.మీ. చొప్పున 40 లీటర్లు. లీటరు 110 అనుకుంటే 4,400
- ఇన్సూరెన్స్: ఏడాదికి 18,000 అనుకుంటే నెలకు 1,500
- సర్వీసు, టైర్లు, బ్యాటరీ కోసం పక్కన పెట్టేది: 1,200
- కార్ వాష్, పార్కింగ్, చిల్లర: 800

మొత్తం 19,100. పదకొండు వేలనుకున్నది పంతొమ్మిది వేలయింది. మీ అంకెలు మీరు వేసుకోండి, కానీ అయిదు లైన్లూ తప్పనిసరిగా వేయండి.

తర్వాత చేయాల్సిన పని చాలామందికి నచ్చదు. కానీ ఇంత నమ్మకమైన పరీక్ష ఇంకోటి లేదు. కారు కొనకముందే మూడు నెలలపాటు, జీతం పడిన రోజే, ఆ 19,100 నుంచి ప్రస్తుత ఆటో ఖర్చు తీసేసి మిగతాది వేరే ఖాతాలోకి మళ్లించండి. స్కూలు ఫీజులు, పండగ ఖర్చులు, మొదటి కారు సర్వీసు అన్నీ మామూలుగా నడుస్తూ ఆ డబ్బును ముట్టుకోకుండా ఉండగలిగితే కారు మీకు అందుబాటులో ఉన్నట్టే. రెండో నెలకే అందులోంచి తీయాల్సి వస్తే బడ్జెట్ తగ్గించాలి. పోగైన డబ్బు ఎలాగూ డౌన్‌పేమెంట్‌కు పనికొస్తుంది.

నేను పాటించే హద్దు ఇంకొకటి: ఇంటి అప్పు, మొదటి కారు, రెండో కారు అన్నీ కలిపి ఈఎంఐలు చేతికొచ్చే జీతంలో 40 శాతం దాటకూడదు.

## 3. సెల్లార్‌లో టేపు పట్టి కొలవండి

అక్కయ్యపాలెం, సీతమ్మధార, ఎంవీపీ కాలనీల్లోని పాత అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకు ఒకటే పార్కింగ్. రెండో కారు ఎక్కడ పెడతారో అసోసియేషన్‌తో ముందే మాట్లాడండి. "ఎక్కడో ఒకచోట సర్దుకుంటాం" అనుకుంటే రోజూ పక్క ఫ్లాటు వాళ్లతో గొడవే.

కొలవాల్సినవి: స్తంభాల మధ్య వెడల్పు, గోడ నుంచి దారి దాకా పొడవు, ర్యాంపు మలుపు. డ్రైవర్ తలుపు పూర్తిగా తెరుచుకునేలా పక్కన కనీసం రెండడుగులు వదలండి.

పోల్చుకోవడానికి కొన్ని పొడవులు: ఎమ్‌జీ కామెట్ 2974 మి.మీ., ఆల్టో కె10 3530, వ్యాగన్ఆర్ 3655. స్తంభం అడ్డొచ్చే చోట 12 సెంటీమీటర్ల తేడా కూడా రోజూ తెలుస్తుంది.

## 4. ఇంధనం, గేరు తేల్చుకోండి

డీజిల్ వద్దు. బీఎస్6 (కొత్త కాలుష్య నియమాల ప్రకారం చేసిన) డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే ఇంజిన్ బాగా వేడెక్కేంత దూరం ఏకబిగిన నడవాలి. రోజుకు అయిదేసి కిలోమీటర్లు తిరిగే బండికి ఆ అవకాశం రాదు, ఫిల్టర్ మూసుకుపోతుంది.

సీఎన్‌జీ రోజుకు 40 కి.మీ. పైన తిరిగేవాళ్లకు లాభం. మీరు రోజూ వెళ్లే దారిలో బంకు ఉందా, సాయంత్రం ఆరింటికి అక్కడ ఎంత క్యూ ఉంటుంది అన్నది మూడు రోజులు గమనించండి. చాలా కార్లలో డిక్కీలో ఎక్కువ భాగం సిలిండర్‌కే పోతుంది. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు చేయించాలి.

ఎలక్ట్రిక్ విషయంలో నా అభిప్రాయం స్పష్టం. సొంత పార్కింగ్‌లో మీ మీటరు నుంచే కరెంటు లాగుకునే వీలుంటే, రెండో కారుగా దానికి మించినది లేదు. రోజూ తిరిగే దూరం తక్కువ, రాత్రంతా ఇంట్లోనే ఉంటుంది, దూర ప్రయాణాలకు మొదటి కారు ఉంది. కానీ ముందు అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మీ మీటరు లోడు సరిపోతుందా, పెంచాలా అని కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడగండి. వానలకు నీళ్లు చేరే సెల్లార్ అయితే ఛార్జింగ్ పాయింటు ఎత్తులో పెట్టించాలి. ఈ మూడూ కాకుండా బుక్ చేయొద్దు.

మిగిలినవాళ్లకు పెట్రోలే సులువు.

గేరు విషయానికొస్తే, చిన్న కార్లలో దొరికే ఆటోమేటిక్‌లు ఎక్కువగా ఏఎంటీ రకం, అంటే మామూలు గేర్‌బాక్సులోనే క్లచ్చి, గేర్లు యంత్రం మార్చేవి. ట్రాఫిక్‌లో ఎడమ కాలికి విశ్రాంతి నిజమే. కానీ ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు కొన్ని కార్లు ఒక క్షణం వెనక్కి జారతాయి. మన ఊరు ఎత్తుపల్లాల ఊరు కాబట్టి ఏఎంటీ తీసుకుంటే హిల్ హోల్డ్ (ఎత్తు మీద బండి జారకుండా పట్టి ఉంచేది) ఉన్న వేరియంటే చూడండి.

## 5. కొత్తదా, పాతదా?

ఇప్పుడు మోడళ్ల దగ్గరికి రావచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్లలోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు అది 28 శాతం, పైన సెస్సు. దీనివల్ల కొత్త చిన్న కారుకూ, రెండు మూడేళ్ల పాత కారుకూ మధ్య ధర తేడా తగ్గింది. పాత కారు అమ్మేవాళ్లు "నేను కొన్నప్పుడు ఇంత" అని పాత ధర చెబుతారు. మీరు ఇవాళ్టి కొత్త కారు ధర నుంచి కిందికి లెక్కపెట్టండి.

నా సలహా ఇది. నడిపే మనిషి కొత్తగా నేర్చుకున్నవాళ్లయితే 4 నుంచి 6 ఏళ్ల పాత కారు తీసుకోండి. మొదటి ఏడాది గీతలు పడక మానవు. అనుభవం ఉండి, ఆరేడేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే కొత్తది.

భద్రత దగ్గర రాజీ పడకండి. చిన్న కారు, ఊళ్లోనే కదా అనుకోవద్దు. మధురవాడ నుంచి గాజువాక దాకా లారీల పక్కనే నడపాలి. 2025లో మారుతి తన ఆల్టో కె10, వ్యాగన్ఆర్, సెలెరియో కార్లలో అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇవ్వడం మొదలుపెట్టింది. అదే మోడల్ పాత బండ్లలో రెండే ఉండొచ్చు. కొనే బండి ఏ నెలలో తయారైందో చూసి, ఎయిర్‌బ్యాగులు లెక్కపెట్టుకోండి. భారత్ ఎన్‌క్యాప్ (కారును ఢీకొట్టించి చూసే భద్రతా పరీక్ష) రేటింగ్ ఉన్న మోడల్ అయితే పెద్దల స్కోరుతో పాటు పిల్లల స్కోరూ చూడండి.

### పాత కారైతే: ఉప్పుగాలి తనిఖీ

వేరే ఊళ్లో రాసిన పాత కారు సలహాల్లో ఇది ఉండదు. మనకు ఇదే మొదటిది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఆరుబయట నిలిపిన బండికి పైన రంగు మెరుస్తున్నా కింద ఇనుము తినేసి ఉండొచ్చు.

నేను మొదట చూసిన కారు అలాంటిదే. తెల్లటి కారు, అద్దంలా ఉంది, అయిదేళ్లది. బేరం కూడా కుదిరింది. ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ లిఫ్టు మీద ఎక్కించి, స్క్రూడ్రైవర్ పిడితో కింద తలుపు అంచు దగ్గర తట్టాడు. పెచ్చు ఊడి కింద పడింది. "అమ్మా, ఇది పైన పెళ్లికూతురు, కింద రోగిష్టి" అన్నాడు. మెకానిక్‌కు ఇచ్చిన డబ్బు నాకు లక్ష మిగిల్చింది.

తనిఖీ వరస:

- లిఫ్టు మీద: సైలెన్సర్ పైపు, సస్పెన్షన్ జాయింట్లు, బ్రేక్ పైపులు, చట్రం అతుకులు
- డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద గుంట: నీటి చార, తుప్పు
- తలుపుల కింది అంచులు, చక్రాల పైన ఉండే వంపు లోపలి వైపు
- కొత్తగా కొట్టిన నల్ల అండర్‌కోటింగ్: అమ్మకానికి ముందే కొట్టించారంటే తుప్పు దాచారేమోనని అనుమానించండి
- సీటు బెల్టు చివరిదాకా లాగండి: మట్టి మరకలుంటే వరద నీటిలో మునిగిన బండి
- కార్పెట్ ఎత్తి ముక్కుతో చూడండి: ముక్కిన వాసన వస్తే వదిలేయండి
- టైరు మీద నాలుగంకెల తేదీ: మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది
- సర్వీసు చరిత్ర: ఆర్సీ నంబరుతో కంపెనీ సర్వీసు సెంటర్‌లో అడిగించి, కిలోమీటర్ల అంకెలతో పోల్చండి

కాగితాల్లో ముఖ్యంగా చూడాల్సింది ఆర్సీలో హైపోథికేషన్, అంటే బండి మీద బ్యాంకు అప్పు ఉన్నట్టు నమోదు. అమ్మేవాళ్ల అప్పు తీరిందా, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) ఉందా? చలాన్లు బాకీ ఉన్నాయా? ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ గడువులు చూసుకోండి.

హైదరాబాద్ బండి, ఒడిశా బండి, ఢిల్లీ బండి చవగ్గా వస్తుందని ఎవరైనా అంటే ఆగండి. వేరే రాష్ట్రం బండికి అక్కడి ఆర్టీఏ ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, మళ్లీ రిజిస్టర్ చేయించాలి. అది కలిపితే చవక చాలావరకు కరిగిపోతుంది. మన రాష్ట్రం బండికైతే ఫారం 29, 30లతో పేరు మార్పిడి చాలు, లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టక్కర్లేదు.

## 6. టెస్ట్ డ్రైవ్ మీ దారిలోనే చేయండి

షోరూము వాళ్లు హైవే సర్వీసు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తీసుకొస్తారు. అది చాలదు. రోజూ నడపబోయే మనిషే నడపాలి, రోజూ వెళ్లబోయే దారిలోనే, వీలైతే సాయంత్రం పూట. కనీసం అరగంట.

నేను పెట్టుకున్న దారి: ఆశీలుమెట్ట జంక్షన్ ట్రాఫిక్, జగదాంబ వైపు ఇరుకు వీధి ఒకటి, ఎండాడ ఎత్తు, ఆఖరున మా సెల్లార్ ర్యాంపు. గాజువాక వైపు వాళ్లు ఎన్ఏడీ ఫ్లైఓవర్ కలుపుకోండి. ఏసీ పూర్తిగా వేసి, నలుగురిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కించండి. చిన్న ఇంజిన్ శక్తి ఎంతో అక్కడే బయటపడుతుంది.

మా అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లాం. మేము మనసులో ఖాయం చేసుకున్న కారులోకి ఆవిడ వంగి కూర్చోలేకపోయారు. సీటు ఎత్తుగా ఉన్న పక్క మోడల్లో హాయిగా కూర్చున్నారు. మా ఎంపిక అక్కడ తేలిపోయింది. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను ఎక్కించి దించి చూడకుండా బుక్ చేయకండి.

## 7. ఆన్‌రోడ్ కొటేషన్‌ను ముక్కలు చేయండి

కనీసం రెండు షోరూముల నుంచి రాతలో కొటేషన్ తీసుకోండి. ప్రతి లైనూ విడిగా ఉండాలి.

- ఎక్స్‌షోరూమ్ ధర
- లైఫ్ ట్యాక్స్: ఏ శ్లాబు, ఎంత శాతం, సెస్సు ఎంత, రెండో బండి పేరుతో అదనం ఏమైనా వేశారా
- రిజిస్ట్రేషన్ ఫీజు, నంబరు ప్లేట్లు, ఫాస్టాగ్
- ఇన్సూరెన్స్
- యాక్సెసరీల కిట్, కోటింగులు
- హ్యాండ్లింగ్ ఛార్జీలు

ఆఖరి రెండూ మీరు వద్దనగలిగేవి. హ్యాండ్లింగ్ ఛార్జీ దేనికని అడగండి. చాలాచోట్ల అడిగితే తీసేస్తారు. కోటింగుల్లో ఒక్క అండర్‌బాడీ తుప్పు నివారణ మాత్రం మన ఊరికి పనికొచ్చేది. దాన్నీ బయట ధరతో పోల్చి తీసుకోండి.

ఎవరి పేరు మీద రిజిస్టర్ చేయాలన్నది కొటేషన్‌కు ముందే తేల్చండి. భార్య పేరు, భర్త పేరు రెండింటికీ విడివిడిగా ట్యాక్సు లెక్క రాయించుకోండి. అప్పు కూడా వీలైనంతవరకు బండి ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల పేరు మీదే ఉండి, రెండోవాళ్లు సహ దరఖాస్తుదారుగా ఉంటే తర్వాత చిక్కులుండవు.

నేవీలో ఉన్నవాళ్లు, మాజీ సైనికులు మన ఊళ్లో చాలామంది. వాళ్లు సీఎస్‌డీ (సైనికుల క్యాంటీన్) ధర చూడకుండా బయట కొటేషన్ ఒప్పుకోవద్దు. ఇంతకుముందు సీఎస్‌డీలో కారు తీసుకుని ఉంటే మళ్లీ అర్హత ఎప్పుడో ముందే చూసుకోండి.

ఆషాఢంలో, ఏడాది చివర డిసెంబరులో బేరానికి వీలు ఎక్కువ. డిసెంబరులో తీసుకుంటే తయారీ సంవత్సరం పాతదవుతుంది, అమ్మేటప్పుడు ఆ మేరకు తగ్గుతుంది. ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లకు ఇది పెద్ద లెక్క కాదు.

## 8. అప్పు: షోరూముకు వెళ్లకముందే మాట్లాడండి

షోరూములో బల్ల ముందు కూర్చుని "ఈఎంఐ ఎంత కట్టగలరు మేడమ్?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పామంటే ఓడిపోయినట్టే. ఈఎంఐ ఎంత చెబితే అంతకు సరిపోయేలా ఏళ్లు సాగదీస్తారు.

మొదట సిబిల్ స్కోరు, అంటే ఇప్పటిదాకా అప్పులు ఎలా తీర్చారో చూసి ఇచ్చే అంకె. ప్రతి క్రెడిట్ బ్యూరో నుంచి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. అందులో మూసేసిన అప్పు ఇంకా బాకీగా కనిపిస్తుంటే సరిచేయించండి. దీనికి వారాలు పడుతుంది, కాబట్టి డైరీ రాసే రోజుల్లోనే మొదలుపెట్టండి.

తర్వాత మీ జీతం పడే బ్యాంకు, ఇంకో ప్రభుత్వ బ్యాంకు, షోరూము చెప్పే సంస్థ: ఈ మూడింటి దగ్గరా ఒకే మొత్తానికి, ఒకే కాలానికి లెక్క అడగండి. ఒకేసారి పది చోట్ల దరఖాస్తు పెట్టకండి. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదవుతుంది.

### ఎన్నేళ్లు?

5 లక్షలు, 9 శాతం వడ్డీ మీద:

- 3 ఏళ్లు: ఈఎంఐ 15,900, మొత్తం వడ్డీ సుమారు 72,400
- 5 ఏళ్లు: ఈఎంఐ 10,379, మొత్తం వడ్డీ సుమారు 1,22,750
- 7 ఏళ్లు: ఈఎంఐ 8,045, మొత్తం వడ్డీ సుమారు 1,75,750

అయిదు నుంచి ఏడుకు వెళ్తే నెలకు 2,300 తగ్గినట్టు కనిపిస్తుంది, వడ్డీ 53 వేలు పెరుగుతుంది. పైగా ఆరో ఏట కారు విలువ తగ్గి, టైర్లు, బ్యాటరీ ఖర్చులొచ్చే వేళకు కూడా ఈఎంఐ నడుస్తూనే ఉంటుంది. రెండో కారుకు నాలుగేళ్లు, తప్పదంటే అయిదు. అంతకు మించి కావాల్సి వస్తే ఆ కారు మీ బడ్జెట్‌కు పెద్దది.

### ఫ్లాట్ వడ్డీ వల

ఇది నాకు తగిలిన దెబ్బ. మా తమ్ముడి పాత కారుకు ఒక ఫైనాన్స్ సంస్థ "7 శాతమే" అంది. బ్యాంకు 10 శాతం పైన చెప్పింది. 7 చవక అనుకుని, పక్కనే ఉండి నేనే సంతకం పెట్టించాను.

అది ఫ్లాట్ వడ్డీ. 4 లక్షలకు ఏడాదికి 28,000 చొప్పున అయిదేళ్లకు 1,40,000 వడ్డీ ముందే కలిపేశారు. ఈఎంఐ 9,000. అసలు తీరుతున్నా వడ్డీ మొదటి 4 లక్షల మీదే లెక్క. బ్యాంకు పద్ధతిలో, అంటే తగ్గుతున్న అసలు మీద లెక్కకడితే అది దాదాపు 12.5 శాతం. బ్యాంకు చెప్పినదే చవక. వాడికి ఆ విషయం చెప్పిన రోజు నాకు నిద్రపట్టలేదు.

ఇప్పుడు దీనికి మంచి ఆయుధముంది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు వ్యక్తులకిచ్చే అప్పులకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య వివరాల కాగితం) ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు లాంటి ఖర్చులన్నీ కలిపి ఏడాదికి నిజంగా పడే శాతం అది. మూడు చోట్ల నుంచీ ఆ కాగితం తీసుకుని ఏపీఆర్‌లు పక్కపక్కన పెట్టండి. మిగతా మాటలేవీ వినక్కర్లేదు.

సంతకానికి ముందు అడగాల్సినవి:

- వడ్డీ ఫిక్స్‌డా (చివరిదాకా ఒకటే), ఫ్లోటింగా (మధ్యలో మారేది)?
- ముందే తీర్చేస్తే ఛార్జీ ఎంత? (వ్యక్తిగత అవసరానికి తీసుకున్న ఫ్లోటింగ్ అప్పుకు బ్యాంకు ఈ ఛార్జీ వేయకూడదు, ఫిక్స్‌డ్ అయితే ఉండొచ్చు)
- మధ్యలో కొంత అసలు కట్టనిస్తారా? ఏడాదికి ఎన్నిసార్లు?
- అప్పుకు జీవిత బీమా కలిపారా? నాకు వద్దంటే తీసేస్తారా?
- ఈఎంఐ తేదీ జీతం పడే తేదీ తర్వాత పెట్టగలరా?

ఖాళీ ఫారాల మీద సంతకాలు మాత్రం పెట్టొద్దు. "టైం లేదు మేడమ్, మేము నింపుకుంటాం" అంటే, "నేను కూర్చుంటాను, నింపండి" అనండి.

### కారు లోన్ కాకుండా

ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే దాని మీద అప్పు అడిగి చూడండి, ప్రాసెసింగ్ గొడవ తక్కువ. చీటీ పాడి కొనేవాళ్లు మన దగ్గర చాలామంది. పాటలో వదులుకునే మొత్తాన్నీ వడ్డీ కింద లెక్కవేసి బ్యాంకుతో పోల్చండి. ఇంటి అప్పు మీద టాప్‌అప్ వడ్డీ తక్కువే. కానీ పదిహేనేళ్లు కట్టే పద్ధతిలో పెడితే కారు పోయాక కూడా అప్పు ఉంటుంది. నాలుగేళ్లలో తీర్చేలా మీరే ఎక్కువ కట్టుకుంటూ వెళ్లగలిగితేనే తీసుకోండి. బంగారం తాకట్టు పెట్టి కారు కొనడానికి మాత్రం నేను ఒప్పుకోను. అది ఆసుపత్రి అవసరానికి దాచుకోవాల్సింది.

## 9. ఇన్సూరెన్స్

షోరూమువాళ్ల దగ్గరే తీసుకోవాలన్న నియమం లేదు. వాళ్ల కోట్ తీసుకుని, బయట అదే కవరేజీకి అడిగి, తక్కువదాన్ని చూపించి తగ్గించమనండి. కొత్త కారుకు థర్డ్ పార్టీ మూడేళ్లకు తప్పనిసరి.

రెండో కారు కాబట్టి ఒక లైను ప్రత్యేకంగా చూడండి. అదే ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా, 15 లక్షలది. మొదటి కారు కూడా అదే వ్యక్తి పేరు మీద ఉండి, ఈ బీమా ఇప్పటికే ఉంటే రెండోసారి కట్టక్కర్లేదు. పేరు వేరైతే మాత్రం తీసుకోవాలి.

జీరో డెప్ (విడిభాగాల అరుగుదల కింద క్లెయిమ్‌లో కోత లేకుండా చేసేది) కొత్త డ్రైవర్లకు పైసా వసూలు. ఇంజిన్‌కు నీళ్ల వల్ల జరిగే నష్టానికి వర్తించే ఇంజిన్ ప్రొటెక్ట్ మన ఊళ్లో తీసుకోవాల్సిందే. తుపాను వానలకు సెల్లార్లు నిండటం మనకు కొత్త కాదు. నీళ్లలో నిలిచిన బండిని స్టార్ట్ చేయకూడదు, తోయించి గ్యారేజీకి పంపాలి. స్టార్ట్ చేసి ఇంజిన్ పాడుచేసుకుంటే క్లెయిమ్ దగ్గర చిక్కే.

పాత కారు కొంటే 14 రోజుల్లో ఇన్సూరెన్స్‌ను మీ పేరుకు మార్పించుకోండి. అమ్మినవాళ్ల నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు.

## 10. డెలివరీ రోజు, అంతకు ముందు రోజు

రిజిస్ట్రేషన్ కాకముందే యార్డులో బండి చూడండి, పగటి వెలుగులో. నంబరు పడ్డాక లోపం కనిపెడితే మార్చరు.

- ఛాసిస్ నంబరు, తయారీ నెల బిల్లుతో సరిపోయాయా
- ఓడోమీటర్ రీడింగ్ ఎంత
- అయిదు టైర్ల తేదీలు
- రంగులో తేడా, తలుపుల సందులు సమానంగా ఉన్నాయా
- ఏసీ, అద్దాలు, లైట్లు, వైపర్లు, హారన్
- జాకీ, స్పానర్, స్టెప్నీ లేదా పంక్చర్ కిట్, రెండు తాళాలు

డెలివరీ అయ్యాక అందరం వెళ్లేది ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడికే. బండి కదిలేముందు ఇన్సూరెన్స్ మొదలయ్యే తేదీ, గంట చూసుకోండి. నంబరు కాగితం ఫోనులో ఉందో లేదో చూసుకోండి. దారిలో మొదటి బంకులో పెట్రోలు పోయించండి, షోరూమువాళ్లు పోసేది కొంచెమే.

ఆ తర్వాత నెలకోసారి కింది భాగాన్ని మంచినీటితో ఒత్తిడిగా కడిగించండి. బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లు రెండు వారాలకోసారి. తడి బండి మీద కవర్ కప్పకండి, తేమ లోపలే ఉండిపోయి తుప్పు త్వరగా పడుతుంది.

## 11. ఆఖరి ఈఎంఐ తర్వాత

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. అప్పు తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు దానంతటది పోదు.

- బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, సంతకం పెట్టిన ఫారం 35 తీసుకోండి. ఎన్‌ఓసీకి గడువు ఉంటుంది, దాచిపెట్టి మర్చిపోకండి
- ఆర్టీఏలో హైపోథికేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టి, కొత్త ఆర్సీ తెచ్చుకోండి
- ఇన్సూరెన్స్ పాలసీలో కూడా బ్యాంకు పేరు తీయించండి, లేకపోతే పెద్ద క్లెయిమ్ డబ్బు వచ్చేటప్పుడు బ్యాంకు కాగితాలు మళ్లీ అడుగుతారు
- ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కోత పడే ఏర్పాటు ఆగిందో లేదో చూడండి
- రెండు నెలలయ్యాక సిబిల్ రిపోర్టు తీసి, అప్పు మూసినట్టు పడిందో లేదో చూసుకోండి